బోటు దింపడం అందరికీ వచ్చు, ఎక్కించడం దగ్గరే తంటా

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

తుఫాన్ల సీజన్ ముందు మీ పేపర్లో రెస్క్యూ బోట్ల డ్రిల్ ఫోటోలు వేస్తారు కదా, నారింజ జాకెట్లు వేసుకున్న కుర్రాళ్ళు, నీళ్ళలోకి జారుతున్న బోటు, ఒడ్డున కుర్చీల్లో పెద్దలు. ఫోటోలు బాగానే ఉంటాయి. కానీ సాయంత్రం అదే బోటుని మళ్ళీ దాన్ని మోసే ట్రైలర్ బండి మీదకి ఎక్కించేటప్పుడు అక్కడ కెమెరా ఉండదు, అసలు సినిమా అంతా అప్పుడే నడుస్తాది. నేను బరంపురంలో ఔట్‌బోర్డ్ ఇంజిన్లు (బోటు ఎనకాల తగిలించేవి) రిపేరు చేసుకుంటాను, రంభ వైపు చిలికా సరస్సులో తిరిగే బోట్లు కూడా నా దగ్గరికే వస్తాయి, వాటిల్లో చాలా దెబ్బలు నీళ్ళలో తగిలినవి కావు, ట్రైలర్ ఎక్కేటప్పుడు తగిలినవే. అందుకే ఈ ఉత్తరం.

మనోళ్ళు చేసే మొదటి తప్పు ఏంటంటే ట్రైలర్ని మరీ లోతుకి దింపేయడం. ట్రాక్టర్ డ్రైవర్ ఎనక్కి ఎనక్కి పోనిచ్చి ట్రైలర్ మొత్తం కనపడకుండా ముంచేస్తాడు, ఎంత లోతుంటే బోటు అంత సుఖంగా వచ్చేస్తాదని. అది ఉల్టా అండి. అంత లోతులో బోటు ట్రైలర్ మీద అది కూచునే చెక్కలకి తగలకుండా పైన తేలుతా ఉంటాది, చిలికా గాలి ఎటు తోస్తే అటు పోతాది, ముక్కు మాత్రం తాడుతో బిగించి "పద పద" అంటారు, ట్రాక్టర్ లాగేసరికి నీళ్ళు తగ్గి బోటు ఎక్కడుంటే అక్కడే వంకరగా కూచుండిపోతాది. ఇంక బరువంతా ఒక పక్కకి, ఒక్కోసారి అడుగుభాగం ఇనప రాడ్డు మీద. ఫైబర్ బోటు కదా, అప్పుడేం కనపడదు, రెండు గోతులు దాటాక సన్నగా చీలుతాది.

సరైన లోతు ఎలా తెలుస్తాదంటే ట్రైలర్ చక్రాల మీద ఉండే మడ్‌గార్డ్ పై అంచు దాకా నీళ్ళు రావాలి, కార్పెట్ చుట్టిన పొడవాటి చెక్కల ముందు భాగం కొంచెం బయటికి కనపడాలి. ఒక్కో వాలుకి ఒక్కోలా ఉంటాది కాబట్టి అటూ ఇటూ సర్దుకోవాలి. ముందు చెక్కల్ని ఒకసారి నీళ్ళలో ముంచి తడపాలి, పొడి కార్పెట్ మీద బోటు జారదు. అప్పుడు బోటు సగం దాకా తేలుతా వచ్చి ముందు భాగం చెక్కల మీదకి ఆనుకుంటాది, దానంతట అదే మధ్యలోకి సర్దుకుంటాది, చుట్టకుదురు మీద కుండ కూచున్నట్టు. మిగతా కొంచెం దూరం విన్చ్ (ట్రైలర్ ముందు పట్టీ చుట్టుకునే చక్రం) తిప్పి లాగాలి. విన్చ్ తిప్పేటోడు పట్టీకి ఎదురుగా మాత్రం నిలబడకూడదు, తెగితే మొహం మీదకే వస్తాది.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు, సెలవొస్తే లేక్ ఫోర్క్ అనే పెద్ద చెరువులో బాస్ చేపలకి గాలం వేస్తాడు. వాళ్ళవి బాస్ బోట్లు, 18 నుంచి 21 అడుగులు, అంచులు బాగా పొట్టి, ఎనకాల 200 హార్స్‌పవర్ ఇంజిన్ కూడా పెడతారు. వీడియో కాల్‌లో చూపిస్తాడు, ఒక్కడే, కూడా ఎవరూ లేకుండా, టీ తాగేంత సేపట్లో బోటు ఎక్కించేస్తాడు. వాడికి మనకంటే తెలివెక్కువ ఏం కాదు (వాళ్ళమ్మ చదివితే నన్ను తంతాది). సంగతేంటంటే అక్కడ బోటు, ఇంజిన్, ట్రైలర్ ఒకదానికి ఒకటి సరిపోయేటట్టు కలిపే అమ్ముతారు, బాస్ ట్రాకర్ కంపెనీ 1978లోనే ఈ పద్ధతి మొదలెట్టింది. మన దగ్గర బోటు ఒక టెండర్‌లో వస్తాది, ట్రైలర్ ఇంకెక్కడో వెల్డింగ్ షాపులో చేయిస్తారు, ట్రాక్టర్ అద్దెకి. బోటు అడుగు ఏ షేపులో ఉందో చూడకుండా చెక్కలు బిగిస్తే ఎంత జాగ్రత్తగా ఎక్కించినా కూచోదు. బోటు ఎనక అంచు చెక్కల చివరి దాకా ఆనాలి, గాల్లో వేలాడకూడదు, ఎందుకంటే ఇంజిన్ బరువంతా ఉండేది అక్కడే.

ఇంకో అలవాటు ఉంది, విన్చ్ తిప్పడానికి బద్ధకం వేసి ఇంజిన్ రేజ్ చేసి బోటుని ట్రైలర్ మీదకి తోలేస్తారు. చూడ్డానికి హీరోయిజంలా ఉంటాది. అమెరికాలో చాలా రేవుల్లో దీన్ని వద్దంటారు, ఎందుకంటే ఫ్యాన్ తోసే నీళ్ళకి సిమెంటు వాలు చివర మట్టి కొట్టుకుపోయి గొయ్యి పడతాది, తర్వాత వచ్చినోడి ట్రైలర్ చక్రం అందులో దిగబడిపోతాది. చిలికాలో అయితే ఇంకా ఘోరం, లోతు తక్కువ, కింద బురద, ఆ బురదంతా ఇంజిన్ లాక్కుంటే వాటర్ పంప్‌లో నీళ్ళు తోసే రబ్బరు ఇంపెల్లర్ అరిగిపోతాది. నాకు పని దొరుకుతాదిలెండి, కానీ వరదలో ఇంజిన్ వేడెక్కి ఆగిపోతే బోటులో ఉన్నోళ్ళ గతి ఏంటి.

పైకి లాగాక రేవులోనే నిలబడి బిగించుకుంటా కూచోకూడదు, ఎనకాల ఇంకో బోటు ఉంటాది, చదును చోటుకి పోయి అన్నీ చూసుకోవాలి. వాలు మీద బోటు ముక్కు ట్రైలర్ ముందున్న రబ్బరు దిమ్మకి ఆనినట్టే ఉంటాది, చదునుకి రాగానే ఒక్కోసారి సందు పడతాది, అప్పుడు మళ్ళీ బిగించాలి. ముక్కు దగ్గర విన్చ్ పట్టీ ఒక్కటే చాలదు, వేరేగా గొలుసు వేయాలి, ఎనకాల రెండు పక్కలా రెండు పట్టీలు. 16వ నంబర్ హైవే మీద లారీల మధ్యన ఎనక పట్టీలు లేకుండా ఎగిరెగిరి పడతా పోయే బోటుని నేను చూశాను, ఎవరిదో చెప్పనులెండి. ఇంజిన్ పైకి ఎత్తి ఆపు పెట్టాలి, అడుగున బిరడా తీసి లోపలి నీళ్ళు వదిలేయాలి.

ఇదంతా ఎందుకింత చెప్తున్నానంటే ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస పక్కన దాటి గజపతి, గంజాం రెండింటినీ ముంచింది. అలాంటప్పుడు పొద్దున ఒక ఊర్లో తిరిగిన బోటు రాత్రికి ఇంకో ఊరు పోవాలి, చీకట్లో వానలో ట్రైలర్ ఎక్కించాలి. డ్రిల్‌లో దాన్ని నేర్పకపోతే ఎప్పుడు నేర్పుతారు? గోపాలపూర్లో మన జాలర్లకి ఈ ట్రైలర్ గొడవే లేదు, ఇసకలో పదిమంది పట్టి లాగేస్తారు, కానీ రెస్క్యూ బోటుకి ఆ పదిమంది ఎప్పుడూ ఉండరు కదా.

మీ పేపర్ ద్వారా సంబంధిత ఆఫీసుల్ని అడిగేది ఇంతే, చిలికా ఒడ్డున ట్రైలర్ దిగేటట్టు పక్కా సిమెంటు వాలు ఒకటి కట్టండి, 100 అడుగుల పొడవుకి 12 నుంచి 15 అడుగుల దిగుడు ఉంటే సరిపోతాది, అంతకంటే చదునుగా ఉంటే ట్రాక్టరే నీళ్ళలోకి పోవాల్సొస్తాది. పక్కన ఒక స్తంభానికి ఎర్ర గీత గీయండి, డ్రైవర్‌కి లోతు తెలుస్తాది. మంచినీళ్ళ కుళాయి కూడా కావాలి, చిలికా ఉప్పునీళ్ళకి ట్రైలర్ బేరింగులు తుప్పు పట్టిపోతున్నాయి, పని అవగానే కడుక్కోవాలి. అన్నట్టు బరంపురం నించి వచ్చీ రాగానే వేడి మీదున్న చక్రాల్ని నీళ్ళలో ముంచొద్దు, చక్రం మధ్యన బేరింగులుండే హబ్ ఒక్కసారి చల్లబడి లోపలికి నీళ్ళు పీల్చేస్తాది, చెయ్యి పెడితే కాలకుండా అయ్యాకే దింపమని డ్రైవర్లకి చెప్పండి.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా