ఎన్‌క్లెక్స్ గట్టెక్కించిన వారందరికీ

ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పాసయ్యాను. ఫలితం వచ్చినప్పటి నుంచి ఫోన్లు, అభినందనలు అందుతూనే ఉన్నాయి. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. అయితే ఈ అభినందనలన్నీ నేనొక్కదాన్నే తీసుకుని ఊరుకోవడం న్యాయం కాదు. నాకు ఎవరు ఏం చేశారో వివరంగా, నలుగురికీ తెలిసేలా రాయాలని కూర్చున్నాను. వాళ్లలో చాలామంది తమ పేర్లు రాయవద్దన్నారు. అందుకే నేను పిలిచే పిలుపులతోనే రాస్తున్నాను.

ఈ పరీక్ష గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా రిజిస్టర్డ్ నర్సుగా (ఆర్‌ఎన్) పనిచేయాలంటే ఇది దాటాల్సిందే. మనవాళ్లు హైదరాబాదులోనే రాయవచ్చు. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు అదనంగా 150 డాలర్లు, ఆ పైన పన్ను. నర్సు జీతంలో ఆ మొత్తం ఎంత బరువో నర్సులందరికీ తెలుసు. సమయం 5 గంటలు. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150. ఒకసారి జవాబు ఇచ్చాక వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. తప్పితే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఒక పేషెంటు కేసు షీటును తెరమీద పెట్టి, దాని మీదే వరసగా ఆరు ప్రశ్నలు అడుగుతారు.

సిలబస్ నన్ను భయపెట్టలేదు. జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చేసి, తరువాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి, లేబర్ రూమ్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నదాన్ని. నన్ను కుంగదీసింది పరీక్ష అన్న ఆలోచనే. మాదిరి పరీక్ష మొదలుపెట్టిన కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కేవి. పెదవుల చుట్టూ జివ్వుమనేది. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివినా తలకెక్కేది కాదు. పరీక్ష తేదీ దగ్గరపడుతున్న కొద్దీ నిద్ర పోయింది, అన్నం సయించడం మానేసింది. చుట్టూ ఉన్నవాళ్లు "భయపడకు, నీకేమిటమ్మా, బాగా చదువుతావు" అనేవారు. ప్రేమతోనే అనేవారు. కానీ నొప్పితో ఉన్న పేషెంటును నొప్పి పడవద్దని చెప్పి మనం మంచం దగ్గరినుంచి వెళ్లిపోము కదా. ఆ మాట చెప్పి ఊరుకోకుండా, నా భయానికి ఏదో ఒక పని చేసిపెట్టినవాళ్లు కొందరున్నారు. ఈ కృతజ్ఞతలు ముఖ్యంగా వాళ్లకు.

మొదట ఒహాయోలో ఉన్న అక్క. నర్సింగ్ కాలేజీలో నాకు సీనియర్, ఇప్పుడు అక్కడ ఐసీయూలో పనిచేస్తోంది. అక్కడ నైట్ డ్యూటీ ముగించుకుని ఆమె ఇల్లు చేరే వేళకు మనకు సాయంత్రం. కళ్లు మూతలు పడుతున్నా నాకు ఫోను చేసేది. మాదిరి పరీక్షల్లో సగానికి సగం తప్పుతున్నాయని నేను ఏడుస్తుంటే, ఆమె ఓదార్చలేదు. ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో చెప్పింది. 1994 నుంచి ఎన్‌క్లెక్స్ అభ్యర్థి స్థాయికి తగినట్లు తనను తాను మార్చుకుంటూ పోయే కంప్యూటర్ పరీక్ష. సరిగ్గా రాస్తే తరువాతి ప్రశ్న కాస్త కష్టమవుతుంది, తప్పితే కాస్త తేలికవుతుంది. ఏ ప్రశ్న అయినా మనం సరిగ్గా రాయడానికి సుమారు సగం అవకాశం ఉండేలా యంత్రం ఎంచుకుంటుంది. "చెల్లీ, అమెరికాలో పుట్టి అక్కడే చదివిన అమ్మాయికి కూడా హాలులో సగం ప్రశ్నలు అర్థం కానట్టే ఉంటాయి. తప్పుతున్నానని నీకు అనిపించడం ఆ పరీక్ష లక్షణం, నీ లోపం కాదు" అంది. చాలా రోజుల తరువాత ఆ రాత్రి నాకు కంటినిండా నిద్ర పట్టింది.

85వ ప్రశ్న దగ్గర కంప్యూటర్ ఆగిపోతే పాసయినట్టనీ, ఆగకపోతే తప్పినట్టేననీ మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. దాన్ని కూడా అక్కే తీసేసింది. అభ్యర్థి స్థాయి పాస్ గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకంతో తేలినప్పుడు యంత్రం ఆగుతుంది. పాసయ్యేవారికీ ఆగుతుంది, తప్పేవారికీ ఆగుతుంది. కొనసాగుతోందంటే ఇంకా తేలలేదనే అర్థం. ఈ ఒక్క సంగతి పరీక్ష రోజున నాకు ఎంత అక్కరకు వచ్చిందో కింద రాస్తాను.

అక్క చేసిన ఇంకో మేలు ఉంది. ఒకరోజు మెగ్నీషియం సల్ఫేట్ మీద ప్రశ్న వచ్చింది. ప్రీఎక్లాంప్సియాతో, అంటే గర్భంతో వచ్చే ప్రమాదకరమైన బీపీతో, చేరిన గర్భిణికి ఆ మందు డ్రిప్ నడుస్తోంది. నాలుగు లక్షణాలు ఇచ్చి, దేనికి వెంటనే స్పందించాలో చెప్పమన్నారు. ఒళ్లంతా వేడిగా ఉందని ఆమె చెప్పడం, బీపీ 150/96, గంటకు 40 మిల్లీలీటర్ల మూత్రం, మోకాలి రిఫ్లెక్స్ లేకపోవడం. నా కళ్లు నాలుగింటి మధ్యా తిరుగుతున్నాయి. జవాబు రావడం లేదు. అక్క ఫోనులో అంది, "ఆ ప్రశ్న వదిలెయ్యి. నీ లేబర్ రూమ్‌లో మూడో మంచం మీద ఆమె పడుకుని ఉంది. నువ్వు పక్కనే నిలబడ్డావు. సుత్తితో మోకాలి కింద తట్టావు, కాలు కదలలేదు. ఇప్పుడేం చేస్తావు?" నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "డ్రిప్ ఆపుతాను. శ్వాస లెక్కపెడతాను. విరుగుడు మందు కాల్షియం గ్లూకోనేట్ చేతికి అందేలా పెట్టుకుని డాక్టరుగారికి ఫోను చేస్తాను" అన్నాను. "మరి ఇంతసేపూ ఎవరి కోసం వెతుకుతున్నావు?" అంది. అప్పటినుంచి ప్రతి ప్రశ్నకూ ముందు ఒక మంచం, ఒక మనిషి కళ్ల ముందుకు వచ్చేవారు. ఇన్నేళ్లు చేతులతో నేర్చుకున్న విద్య తెరమీద కూడా పనికొస్తుందని నాకు నమ్మకం కలిగించింది ఆమే.

రెండో వ్యక్తి మా వార్డులోని చేచి, మలయాళంలో అక్క అని. కొట్టాయం దగ్గరి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడింది, తెలుగు నాకంటే స్పష్టంగా మాట్లాడుతుంది. పిల్లల చదువుల వల్ల తను అమెరికా వెళ్లకపోయినా, తన నోటుపుస్తకాలన్నీ నా చేతిలో పెట్టింది. నాకు కొరుకుడుపడనివి పని పంచే ప్రశ్నలు. మన వార్డుల్లో ఎల్‌పీఎన్ (ఆర్‌ఎన్ కింద పనిచేసే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) అనే ఉద్యోగమే లేదు. అక్కడ ఆర్‌ఎన్, ఎల్‌పీఎన్, సహాయకులు ఎవరి పని వారిది. చేచి వంటగది బల్ల మీద నాలుగు స్టీలు గ్లాసులు పెట్టేది, ఒక్కొక్కటి ఒక్కో పేషెంటు. కాగితం ముక్క మీద జబ్బు రాసి గ్లాసులో వేసేది. మూడు చెంచాలు ముగ్గురు సిబ్బంది. "ఎవరి దగ్గరికి ఎవరిని పంపుతావు?" అని అడిగేది. పేషెంటును మొదట పరీక్షించి అంచనా వేయడం, ఇంటికి వెళ్లేటప్పుడు జాగ్రత్తలు నేర్పడం, చేసిన వైద్యం పనిచేసిందో లేదో తేల్చడం, ఈ మూడూ ఆర్‌ఎన్ ఇంకొకరికి అప్పగించకూడదు. పరిస్థితి నిలకడగా లేని పేషెంటునూ అప్పగించకూడదు. నేను చెంచాను తప్పు గ్లాసులో పెడితే చేచి ఏమీ అనేది కాదు. గ్లాసులోని కాగితం తీసి నా చేతే పైకి చదివించేది. తప్పు అనే మాట వినకుండా దిద్దుకోవడం ఎలాగో నాకు అక్కడ తెలిసింది. ఇలాంటి గురువు మా వార్డులోనే ఉండడం నా అదృష్టం.

మా ఇన్‌చార్జి మేడమ్‌కు ప్రత్యేకంగా నమస్కారాలు. మనుషులు తక్కువగా ఉన్న వార్డులో ఒకరి డ్యూటీ మార్చడం అంటే ఇంకో ముగ్గురిని బతిమాలడం. మేడమ్ ఆ పని నాకోసం చేశారు. పరీక్షకు ముందు వారాల్లో నాకు నైట్లు పడకుండా చూశారు. నా నైట్లు పంచుకున్న సిస్టర్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. మా పాత కాలేజీలో ధ్రువపత్రాల కవర్లు పంపించే గుమాస్తాగారికి కూడా. ఆయన సీలు, సంతకం, తేదీ ఒకటికి రెండుసార్లు సరిచూసి పంపారు.

ఇక భయానికి నేరుగా వైద్యం చేసినవారు మా ఆసుపత్రి క్లినికల్ సైకాలజిస్టు మేడమ్. ఆమె దగ్గరికి వెళ్లడానికి ముందు నాకు చాలా బిడియంగా ఉండేది. నర్సయి ఉండి ఇదేమిటి అనుకుంటారని. ఆమె నా లక్షణాలన్నీ విని, "ఇదే మీ పేషెంటుకు వస్తే కేసు షీటులో ఏం రాస్తారు?" అని అడిగారు. శ్వాస వేగం పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ తగ్గింది, రక్తంలో క్షారగుణం పెరిగింది, అందుకే వేళ్ల తిమ్మిరి అని నేనే చెప్పాను. పాఠంలో చదివినదే, నా ఒంట్లో జరుగుతుంటే గుర్తుపట్టలేదు. ఊపిరి తీసుకునే సమయం కంటే వదిలే సమయం ఎక్కువ ఉండేలా నెమ్మదిగా సాధన చేయించారు. భయం ఉన్నప్పుడు కాదు, రోజూ మామూలుగా ఉన్నప్పుడే చేయమన్నారు. అప్పుడే అవసరమైన వేళ ఒళ్లు దానంతట అది చేస్తుందన్నారు.

మాదిరి పరీక్షలు మంచం మీద కూర్చుని ముక్కలుముక్కలుగా రాయవద్దని కూడా ఆమే చెప్పారు. కుర్చీలో కూర్చుని, ఫోను వేరే గదిలో పెట్టి, అసలు పరీక్ష వేళకే మొదలుపెట్టి 5 గంటలూ కదలకుండా రాయించారు. మొదట్లో నరకం. తరువాత తరువాత ఒళ్లు దానికి అలవాటు పడింది. పరీక్షకు ముందు ఒక పది నిమిషాలు మనసులోని భయాలన్నీ కాగితం మీద రాసేయమన్నారు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో సైన్స్ పత్రికలో ఈ విషయమే ప్రచురించారట. పరీక్షంటే బాగా భయపడే విద్యార్థులు అలా రాశాక మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. ఎవరో గుండెదడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకోమని సలహా ఇచ్చారని చెబితే వెంటనే వద్దన్నారు. నాకు ఆస్తమా ఉంది. ఆ మాత్ర శ్వాసనాళాలను బిగించేస్తుంది. భయానికి మందులు అవసరమైనవాళ్లు ఉంటారు, అది డాక్టరు చూసి నిర్ణయించాల్సిన విషయం. పక్కవాళ్ల మాట విని మింగకండి, దయచేసి.

ఒక రాత్రి ఎవరినీ లేపడానికి మనసొప్పక 14416కు ఫోను చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళకైనా పలుకుతారు. అటువైపు అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది, తొందరపెట్టలేదు, నేను చెప్పడం అయ్యేదాకా విన్నది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఈ మాటలు ఎప్పుడైనా ఆమె కంట పడితే బాగుండునని ఉంది.

ఇంట్లో మా అత్తగారు. ఆమెకు ఎన్‌క్లెక్స్ అంటే ఏమిటో తెలియదు. నేను తలుపు వేసుకుంటే పాపను గుడికి, పార్కుకు, చుట్టాలింటికి ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోయేవారు. ఇన్ని నెలల్లో "ఎంతవరకు వచ్చింది?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అలా అడగకుండా ఉండడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. మావారు ఫీజు డబ్బుల గురించి నా దగ్గర ఒక్క మాట ఎత్తలేదు. ఇద్దరికీ ఎదురుగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

పరీక్ష రోజు గురించి ఎక్కువ చెప్పేది లేదు. హాలులోని విషయాలు బయట చెప్పకూడదని సంతకం చేశాం, అది పాటించాలి. పాస్‌పోర్టు చూశారు, ఫొటో తీశారు, అరచేతి సిరలు స్కాన్ చేశారు, గడియారం లాకరులో పెట్టించారు. చేతులు వణుకుతుంటే అక్కడి సిబ్బందిలో ఒకావిడ "నిదానంగా పెట్టండి మేడమ్, తొందరేం లేదు" అన్నారు. ఆమెకు కూడా నా ధన్యవాదాలు. 85 దాటింది, తెర ఆగలేదు. గుండె ఒక్కసారి జారింది. అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది, ఇంకా తేలలేదు, అంతే. కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా వదిలాను. తరువాతి ప్రశ్నలోని పేషెంటు మంచం దగ్గరికి వెళ్లాను.

చేచి ఒప్పుకోవడంతో ఆమె నోటుపుస్తకాలు జిరాక్స్ తీయించి పెట్టాను. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఈ పరీక్షకు చదువుతున్న సిస్టర్లు ఎవరైనా నాకు సందేశం పంపండి, కాపీ ఇస్తాను. నేను వెళ్లడానికి వీసా పనులు ఇంకా చాలా ఉన్నాయి, అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. డ్యూటీ లేని ఆదివారాలు మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుందాం. పని పంచే ప్రశ్నలతో మొదలుపెడదాం. ఫోనులో కలిసేవాళ్ల కోసం ఒహాయో అక్క నెలకు ఒక సాయంత్రం ఇస్తానంది.