నువ్వు అడిగిన కెమెరా గురించి

తెనాలి,
2019 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

చిన్నీ,

నిన్న ఫోన్లో "సరేలే అమ్మా" అని పెట్టేశావు చూడు, ఆ సరేలే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నువ్వు నికాన్ డి7500 కెమెరా అన్నావు, నేను వాళ్లదే డి3500 చాలన్నాను, డబ్బులకి వెనకాడుతున్నానని నువ్వు అనుకున్నావు. డబ్బుల సంగతి కాదే. నీ చదువు కోసం నాన్న దాచింది దాచినట్టే ఉంది, నువ్వు గట్టిగా అడిగితే డి7500 కూడా కొనేస్తారు, ఆయన సంగతి నీకు తెలుసుగా. నిన్న మన స్టూడియో కొట్లో జనం ఉన్నారు, సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని పూర్తిగా చదువు.

కెమెరాల గురించి ఏ అనుమానం వచ్చినా నువ్వు నాన్ననే అడుగుతావు. కెమెరా పట్టుకునేది ఆయనే కాబట్టి అది సహజమే. కానీ నాన్న తీసినా, మన కుర్రాళ్లు తీసినా, చుట్టుపక్కల ఊళ్ల స్టూడియోల వాళ్లు ఆల్బమ్ డిజైనింగ్‌కి పంపినా, ఆ ఫొటోలన్నీ చివరికి వచ్చి పడేది నా కంప్యూటర్లోనే. పద్నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నాను, పెద్ద పెద్ద కెమెరాలతో తీసిన పనికిరాని ఫొటోలూ చూశాను, చిన్న కెమెరాతో తీసినవి చూసి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్కసారి నా మాట విను.

మన దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి కొన్నది నేను చెప్తున్న డి3500యే, కెమెరాతో పాటే ఇచ్చే 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌తో వచ్చింది. మొన్న మాఘమాసం పెళ్లికి నాన్న మన డి7500 తీసుకెళ్లారు, దాని మీద జూమ్ లేని 35 మిల్లీమీటర్ల లెన్స్. రాత్రి ముహూర్తం, మండపంలో పూలు బోలెడు కట్టారు గానీ లైట్లు తక్కువ. జీలకర్రబెల్లం ఇద్దరూ తీశారు, ఆయన పెళ్లికూతురు వైపు నుంచి, ఆ అబ్బాయి ఎదురుగా. మర్నాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని నూరు శాతానికి పెద్దవి చేసి చూశాను. నాన్న తీసినదాంట్లో పట్టుచీర అంచులో జరీ పోగు పోగూ కనబడుతోంది, పెళ్లికొడుకు వేళ్ల మధ్య జీలకర్ర గింజలు కూడా. అబ్బాయి తీసినదాంట్లో జరీ అంతా పసుపు ముద్దలా అలుక్కుపోయింది, నల్లటి జుట్టులో ఎర్ర చుక్కలూ నీలి చుక్కలూ. నువ్వు చూసి ఉంటే, చూశావా అమ్మా, ఖరీదైన కెమెరా అంటే ఇదీ అనేదానివి. నేనూ ఒక నిమిషం అలాగే అనుకున్నాను.

తర్వాత ఫైల్ వివరాలు తెరిచి చూశాను. ఆ అబ్బాయి 55 దాకా జూమ్ చేశాడు, అక్కడ ఆ లెన్స్ ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు, ఆ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. వెలుతురు చాలక, దాన్ని పెంచి చూపించే ఐఎస్ఓ 6400కి పోయింది, అంత పెంచితే చుక్కలొస్తాయి. నాన్న ఎఫ్ 1.8లో తీశారు. 5.6కీ 1.8కీ మధ్య లోపలికి వచ్చే వెలుతురు తొమ్మిది రెట్ల పైమాటే, లెక్క కట్టి చూసుకో. అంటే ఒకడు 6400 పెట్టాల్సిన చోట ఇంకొకరికి 650 దగ్గర సరిపోతుంది. చీర అంచు పాడైంది అక్కడ.

సాయంత్రం రిసెప్షన్ ఉంది. నేనే చెప్పాను, ఒరేయ్ అబ్బాయ్, ఇవాళ ఆ 35 లెన్స్ నీ కెమెరాకి పెట్టుకో, దగ్గరికెళ్లి తియ్యి, జూమ్ కోసం చూడకు అని. నాన్న వేరే లెన్స్‌తో తీశారు. రాత్రి పదకొండింటికి కార్డులు రెండూ వచ్చాయి, ఒకే ఫోల్డర్లో కలిపేసి పేర్లు చూడకుండా ఒక్కొక్కటే తిప్పాను. పెళ్లికూతురు నవ్వుతూ వాళ్ల నాన్న వైపు తిరిగిన ఫొటో ఒకటి వచ్చింది, కళ్లలో తడి దాకా తెలుస్తోంది, ఇది నాన్న తీసిందే అని నిశ్చయంగా అనుకున్నాను. సైజు చూస్తే 6000 బై 4000. మన డి7500 ఫైల్ 5568 బై 3712 ఉంటుంది. అంటే అది ఆ అబ్బాయి తీసింది, డి3500తో.

ఇంకో సంగతి గమనించావా, ఖరీదు తక్కువ దానికే పిక్సెళ్లు ఎక్కువ. డి3500కి 24.2 మెగాపిక్సెళ్లు, డి7500కి 20.9. ఫొటో పడే సెన్సర్ రెండింట్లోనూ ఒకే సైజు. మన ఆల్బమ్ పేజీ 12 బై 18 అంగుళాలు కదా, డి3500 ఫొటోని ఒక్క ముక్క కత్తిరించకుండా పేజీ నిండా పెడితే అంగుళానికి 333 చుక్కలు వస్తాయి, ప్రింటింగ్ ల్యాబ్ వాళ్లు అడిగేది 300. నువ్వు క్లాసు కోసం వేయించే ప్రింట్లు అంతకంటే పెద్దవి ఎన్ని ఉంటాయి చెప్పు.

అలాగని రెండూ ఒకటే అని నేను అబద్ధం చెప్పను. డి7500తో ఫొటో తియ్యడం వేరుగా ఉంటుంది, అది నిజం. దాంట్లో ఫోకస్ పట్టే పాయింట్లు 51, డి3500లో 11, ఆ పదకొండులోనూ మధ్యలో ఉన్న ఒక్కటే క్రాస్ టైపు, అంటే చీకట్లో గట్టిగా పట్టుకునేది అదొక్కటే. అబ్బాయి తలంబ్రాల ఫొటోలు చూస్తే ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పక్క పాయింట్ పెట్టి తీసినవాటిలో చాలావరకు ఫోకస్ మొహం మీద కాకుండా వెనక అరటిచెట్టు మీద పడింది. మధ్య పాయింట్‌తో కంటి మీద ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కి పట్టుకుని, అప్పుడు ఫ్రేమ్ కుదుర్చుకుని తీసినవి బాగున్నాయి. నాన్న ఫిల్మ్ రోజుల నుంచీ అలా తీసినవాళ్లే, ఆయన చెయ్యి పట్టుకుని రెండు పూటలు నేర్చుకుంటే నీకూ వస్తుంది. సెకనుకి దాంట్లో ఎనిమిది ఫొటోలు, దీంట్లో ఐదు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఎనిమిదైతే హాయిగా ఉంటుంది, కాదనను.

కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ కూడా అంతే. డి7500లో ఏది కనబడితే అదే ఫొటోలోకి వస్తుంది. డి3500లో 95 శాతమే కనబడుతుంది, కాస్త మసగ్గా కూడా ఉంటుంది, అంచుల్లో నువ్వు చూడని మైకు స్టాండో, ఎవరి మోచెయ్యో ఫొటోలోకి వచ్చేస్తుంది. ఆ మోచేతుల్ని రోజూ కోసేది నేనే కాబట్టి నాకు తెలుసు. ఇంకా డి7500కి వేళ్ల కింద రెండు చక్రాలు ఉంటాయి, ఒకదానితో షట్టర్ స్పీడ్, ఇంకోదానితో ఎపర్చర్ మార్చుకోవచ్చు. దీనికి ఒకటే చక్రం, మాన్యువల్‌లో ఎపర్చర్ మార్చాలంటే బటన్ నొక్కి పట్టుకుని తిప్పాలి. దానికి తుంపర పడ్డా కొంత తట్టుకునే సీలింగ్ ఉంది, దీనికి లేదు, వానలో సంచిలోంచి తియ్యకు. ఇంకొకటి, డి3500లో సెన్సర్ మీద దుమ్ముని దానంతటదే దులుపుకునే ఏర్పాటు లేదు, తీసేశారు. సూర్యలంక బీచ్‌లో ఎఫ్ 16 పెట్టి ఆకాశం తీశాడా అబ్బాయి, ఫొటోకి ఏడెనిమిది నల్ల మచ్చలు. ఒక్కొక్కటే హీలింగ్ బ్రష్‌తో తుడిచాను. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా కిందకి వంచి పట్టుకో, గాలిలో మార్చకు, సగం బాధ తప్పుతుంది.

నాన్న పాత 50 లెన్స్ గుర్తుంది కదా, ఎఫ్ 1.8డి, నువ్వు చిన్నప్పుడు దాని రింగు తిప్పుతూ ఆడుకునేదానివి. అది డి7500 మీద దానంతటది ఫోకస్ అవుతుంది, ఎందుకంటే ఆ బాడీలో మోటారు ఉంది. డి3500లో మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాలి. నిన్న నువ్వు ఇదే ఎత్తి చూపించావు, సరైన మాటే. కానీ ఆ లెన్స్ నేను నీకు ఎలాగూ ఇచ్చేస్తున్నాను, చేత్తో తిప్పుకుంటూ తియ్యి కొన్నాళ్లు. ఎక్కడ ఫోకస్ పెట్టాలో నిర్ణయం నీదవుతుంది, ఊరికే చెప్పడం లేదు, ఆ లెన్స్‌తో నాన్న తీసిన మీ తాతయ్య ఫొటోనే ఇప్పుడు హాల్లో ఉంది.

ఇక అసలు ఎక్కువ డబ్బు దేనికి పెట్టాలో నాకు అనుభవం అయిన సంగతి చెప్తాను, నీకు ఇది ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పెళ్లిలో కార్డు చెడిపోయింది. అప్పుడు మనకున్న కెమెరాలో ఒకే కార్డు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రాత్రులు కూర్చున్నాను, మూడు వందల పైన ఫొటోలు వెనక్కి వచ్చాయి, మంగళసూత్రం కట్టే ఫొటో ఒక్కటీ రాలేదు. ఆ పెళ్లికూతురు వాళ్ల అమ్మ మన కొట్టుకి వచ్చి ఏమీ అనలేదు, కుర్చీలో కూర్చుని ఊరికే కళ్లు తుడుచుకుంది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు. ఆ తర్వాతే నాన్న అప్పు చేసి మరీ డి750 కొన్నారు, సెన్సర్ పెద్దది, ఫుల్ ఫ్రేమ్ అని కాదు, దాంట్లో రెండు కార్డులు పెట్టుకోవచ్చు, ఒకేసారి రెండింట్లోనూ ఫొటో పడుతుంది. చిన్నీ, నువ్వు అడుగుతున్న డి7500లో కార్డు స్లాట్ ఒకటే. అంతకు ముందు వచ్చిన డి7200లో రెండుండేవి, ఇందులో ఒకటి తీసేశారు. రేపు నువ్వు వేరే వాళ్ల పెళ్లి ఫొటోలు బాధ్యతగా ఒప్పుకునే రోజు వస్తే, అప్పుడు రెండు కార్డులున్నదే కొందాం, ఎంతైనా సరే, నేనే ముందుంటాను. ఇప్పుడు నువ్వు హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ నుంచి పొద్దున్నే చార్మినార్ దాకా పోయి గాజుల కొట్లు తెరిచే వేళ ఫొటోలు తీసుకుంటావు. దానికి బ్యాటరీ లేకుండా బాడీ 365 గ్రాములుండే డి3500 చాలు, డి7500 అయితే 640 గ్రాములు. బరువుంటే ఏమవుతుందో చూశాను, నాన్న డి750 పని ఉంటేనే బయటకి తీస్తారు, ఈ అబ్బాయి మాత్రం టీకి వెళ్లినా మెళ్లో వేసుకునే వెళ్తాడు. డి3500 బ్యాటరీ ఒక్కసారి ఛార్జ్ చేస్తే కంపెనీ లెక్క ప్రకారం 1550 ఫొటోలు, హాస్టల్లో ప్లగ్ కోసం కొట్టుకోనక్కర్లేదు.

ఒక్క విషయంలో నా మాట మార్చుకుంటాను. మీకు కోర్సులో వీడియో పని గట్టిగా ఉంటే డి3500 వద్దు. దానికి బయట మైకు పెట్టుకునే సాకెట్ లేదు. అప్పుడు మధ్యలో ఉన్న డి5600 చూద్దాం, దానికి మైకు సాకెట్ ఉంది, స్క్రీన్ పక్కకి తెరుచుకుంటుంది, టచ్ కూడా, ఫోకస్ పాయింట్లు 39. ఇది మీ సార్‌ని అడిగి చెప్పు, ఊహించి చెప్పకు.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చేశాయి, మనం చూస్తున్న ఈ అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌ల పని అయిపోయింది అని మీ ఫ్రెండ్ అన్నాడన్నావు. నిజమే, కిందటి ఆగస్టులో నికాన్ వాళ్లు తమ మిర్రర్‌లెస్‌లు జెడ్6, జెడ్7 చూపించిన వారానికే ఈ డి3500 వచ్చింది, రాబోయేది ఎటో వాళ్లకీ తెలుసు. అందుకే నేను ఇప్పుడు బాడీ మీద ఎక్కువ పెట్టొద్దు అంటున్నాను. ఇది డి7500 ధరలో సగం కూడా లేదు. మిగిలిన దాంట్లో 35 లెన్స్ కొత్తది నీకే సొంతంగా, మంచి కార్డులు రెండు, ఒక చిన్న ట్రైపాడ్ కొన్నా ఇంకా చేతిలో మిగులుతుంది. ఆ 35 మాత్రం చిన్న సెన్సర్ కోసం చేసింది, రేపు ఫుల్ ఫ్రేమ్‌కి పోతే మూలలు నల్లబడతాయి, అది తెలిసే కొనుక్కో. నాన్న 50కి ఆ బాధ లేదు.

పెద్ద కెమెరాలున్న పిల్లల మధ్య నీకు చిన్నతనంగా ఉంటుందేమో అని కూడా ఆలోచించాను. నువ్వు నోరు తెరిచి అనలేదు గానీ గొంతులో తెలిసింది. అది తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు, ఆ వయసులో నాకూ అలాగే ఉండేది. అందుకే ఇలా చెయ్యి. వచ్చే శనివారం ఇంటికి రా, ఆ అబ్బాయి డి3500, మన డి7500 రెండూ టేబుల్ మీద పెడతాను. 35 లెన్స్ ఒకదాని తర్వాత ఒకటి రెండింటికీ మార్చుకుంటూ ఆదివారమంతా గంగానమ్మపేట సందుల్లో తియ్యి, సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లో కూడా తియ్యి. రాత్రికి నా కంప్యూటర్లో పేర్లు లేకుండా కలిపి పెడతాను, ఏది ఏ కెమెరాతో తీసిందో నువ్వు విడదియ్యి. విడదీసి, లేదమ్మా నాకు ఆ తేడా కావాలి అంటే, సోమవారం పొద్దున నాన్నే నీతో హైదరాబాద్ వచ్చి కోఠీలోనో ఆబిడ్స్‌లోనో డి7500 కొనిపెడతారు, నేను ఇంకో మాట మాట్లాడను.

ఏది కొన్నా పక్కా బిల్లు, ఇండియా వారంటీ కార్డు తీసుకోకుండా బయటికి రావద్దు. వచ్చేటప్పుడు నీ స్టీల్ క్యారేజీ తీసుకురా, గోంగూర పచ్చడి కలిపి ఉంచాను.

అమ్మ