ఆ సన్న వైరు వద్దురా

ఏరా, ఎలా ఉన్నావు?

కారుకి రెండు ఫాగ్ ల్యాంపులు కొన్నానని, ఇంట్లో మిగిలిన సన్న వైరుతోనే ఆదివారం కలిపేస్తానని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. కాస్త ఆగు, ముందు ఇది చదువు.

పన్నెండు వోల్టులే కదా, ముట్టుకున్నా షాక్ కొట్టదు, దానికి లావు వైరెందుకు అనుకుంటున్నావు. తిరకాసంతా ఆ పన్నెండులోనే ఉందిరా. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు, అంటే వైరులో పారే కరెంటు. నీ దీపాలు ఒక్కోటి 55 వాట్లు, రెండూ కలిపి 110. 230 వోల్టుల ఇంటి కరెంటు మీదైతే అర ఆంపియరుతో సరిపోయేది. కారులో తొమ్మిది దాటుతుంది. పైగా అదే వైరులో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది.

తొమ్మిది ఆంపియర్లకు నీ ఒక స్క్వేర్ ఎంఎం వైరు (అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం అది) కాలిపోదులే. చాలామంది అంతవరకే చూసి పొడవు సంగతి మరిచిపోతారు. ఆ మందం రాగి వైరుకి మీటరుకు సుమారు 0.0175 ఓమ్‌ల రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ఉంటుంది. బ్యాటరీ నుంచి దీపాలదాకా మూడు మీటర్లు, తిరిగి రావడానికి మరో మూడు అనుకో. దగ్గర దగ్గర ఒక వోల్టు దారిలోనే పోతుంది. ఒక్కటే కదా అనకు, హాలోజెన్ బల్బుకి ఆ ఒక్క వోల్టు తగ్గితే వెలుగు పావు వంతు పడిపోతుంది. మంచులో దారి కనపడాలనే కదా అవి కొన్నది! అదే 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.4 వోల్టే. నా మాట విని అదే వెయ్యి.

సన్న పోగులు చాలా ఉన్న మెత్తటి వైరు తీసుకో. ఒంటి తీగది ఇంజను అదురుకి విరుగుతుంది. కొస గీకి చూడు, రాగి రంగు కింద తెల్లగా అల్యూమినియం కనిపిస్తే అక్కడే పెట్టేసి రా. ఏడబ్ల్యూజీ (వైరు మందానికి అమెరికా కొలత) నంబరుంటే తికమక పడకు, నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది.

ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, 15 ఆంపియర్లది చాలు. అది కాపాడేది దీపాన్ని కాదు, వైరుని. వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు అందులోకి తోసేస్తుంది. ఫ్యూజు దీపాల దగ్గర పెట్టావనుకో, మధ్యలో ఉన్న వైరుకి దిక్కెవరు? దీపాల కరెంటు స్విచ్చి గుండా పోనివ్వకు, రిలే పెట్టు, అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే మీట. రిలే నుంచి స్విచ్చికి నీ సన్న వైరు వాడుకోవచ్చు, దానిలో పారేది కొంచెమే.

వైరు కొనేముందు, అది వెళ్లే దారి వెంట ఒక తాడు వేసి కొలిచి నాకు రాయి. మూడు మీటర్లు దాటితే లెక్క మళ్లీ వేద్దాం.