నొప్పి లేదని ఊరుకోకమ్మా

లీడ్స్, నవంబర్ 2025

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానని ఫోన్‌లో అన్నానో లేదో నువ్వు కంగారుపడి నాన్నని కూడా నిద్ర లేపేశావు, ఆ తర్వాత నేనేం చెప్పినా నీ చెవికెక్కలేదు. అందుకే రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదువు.

నా పళ్లకి ఏమీ కాలేదు. ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో, అదే ఇక్కడి సర్కారు వైద్యంలో, కొత్తవాళ్లని చేర్చుకునే పళ్ల డాక్టరు దొరకడమే గగనం, పేరు రాయించుకుని చూడగా చూడగా పిలుపొచ్చింది, ఇప్పుడు వెళ్లకపోతే మళ్లీ ఎప్పటికో అని వెళ్లాను. చివర చిన్న గుండు, దాని పైన గీతలు ఉన్న సన్నటి కడ్డీని ఆవిడ పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపి, ఎంత లోతు దిగిందో చూసి పక్కనున్న అమ్మాయికి అంకెలు చెప్తుంది. నోటిని ఆరు భాగాలుగా చూస్తారు. సున్నా అంటే బాగుంది, ఒకటి అంటే తాకితే రక్తం వస్తోంది, రెండు అంటే గార పట్టింది, మూడు అంటే చిగురు పంటిని వదిలేసి లోపల ఖాళీ ఏర్పడింది, నాలుగు అంటే ఆ ఖాళీ ఆరు మిల్లీమీటర్లో, ఇంకా ఎక్కువో ఉంది. నాకు ఒకట్లూ రెండ్లూ వచ్చాయి. గార గీకి పంపించేసింది, 27 పౌండ్ల 40 పెన్నీలు తీసుకున్నారు. మన డబ్బుల్లో లెక్కెయ్యకు. మూడూ నాలుగూ వచ్చి చిగుళ్ల లోపల శుభ్రం చెయ్యాల్సి వస్తే 75 పౌండ్ల పైన అవుతుంది, అంతదాకా రాలేదని సంతోషించు.

పని బాగానే ఉంది. ఈ నెలంతా నైట్లు. చలికి కొత్త కోటు కొనుక్కున్నాను, నువ్వు దాని గురించి మళ్లీ అడగక్కర్లేదు.

అసలు సంగతి నీదే అమ్మా. ఆ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నంతసేపూ నువ్వు దసరాకి అన్న మాటే బుర్రలో తిరిగింది. "కుడి పక్క తోముకుంటే రక్తం వస్తోందే, అందుకని ఆ పక్క బ్రష్ పెట్టడం మానేశాను" అన్నావు. రక్తం బ్రష్ వల్ల రావడం లేదు. చిగురు అంచున పాచి పేరుకుని, దానికి చిగురు వాచి, ఆ వాచిన చిగురు తగలగానే కారుతోంది. నువ్వు ఆ పక్క వదిలేస్తే పాచి ఇంకా పెరుగుతుంది, అది గట్టిపడి గార అవుతుంది, ఒకసారి గార అయ్యాక నువ్వు ఎంత తోమినా రాదు, డాక్టరే గీకాలి. మెత్తటి బ్రష్ తీసుకుని చిగురు అంచు వెంట, గట్టిగా రుద్దకుండా, రెండు పూటలా తోము. ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు. ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గిపోతే మంచిదే, అయినా ఒకసారి చూపించుకో. తగ్గకపోతే అస్సలు ఆగొద్దు. వేపపుల్ల నమలడం మానమని నేను అనను గానీ ఉప్పూ బొగ్గూ కలిపి రుద్దడం మాత్రం మానెయ్, పళ్ల మీది పొర అరిగిపోతుంది.

చిగుళ్లు ఎర్రగా ఉన్నాయేమో అద్దంలో చూసుకోమంటే నువ్వు భయపడతావని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. మన వాళ్ల చిగుళ్ల మీద నల్లటి మచ్చలు ఉండటం మామూలే, అది జబ్బు కాదు. చూడాల్సింది వాపు, మెరుపు, ముట్టుకుంటే రక్తం. నోటి వాసన తగ్గకపోవడం. ఇదివరకు లేని సందుల్లో కొత్తగా తిండి ఇరుక్కోవడం.

నాన్న సంగతి వేరు. "నాకు రక్తం చుక్క రాదు, నా పళ్లకేం, చెరుకు గడ కొరుకుతాను" అంటారు కదా. బీడీలు కాల్చేవాళ్లకి చిగుళ్లలో రక్తనాళాలు సన్నబడతాయట, అందుకని లోపల జబ్బు ముదురుతున్నా రక్తం పెద్దగా రాదు. నాగులచవితి నాడు వీడియోలో నవ్వుతుంటే చూశాను, కింద ముందు పళ్లు ఇదివరకటికన్నా పొడుగ్గా కనిపించాయి. పళ్లు పెరగలేదమ్మా, గట్టు కోసుకుపోతే చెట్టు వేళ్లు బయటపడినట్టు చిగురు కిందికి దిగిపోయింది. లోపల ఎముక కరిగితే మళ్లీ మొదట్లోలా రాదు, కానీ ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. పన్ను కదులుతోందేమో అడుగు, నిజం చెప్పరు, తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని అడుగు. నానమ్మ నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చి అంగిట్లో పుండు పడినా ఎవరికీ చెప్పలేదు, ఆ తర్వాత మనం పడ్డ పాట్లు నీకు తెలియనివి కావు. నాన్న నోట్లో పుండు గానీ తెల్లటి మచ్చ గానీ రెండు మూడు వారాలకి మానకపోతే వెంటనే డాక్టరుకి చూపించాలి, బతిమాలకండి, బండి ఎక్కించి తీసుకెళ్లిపొండి.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని పక్కింటి పెద్దమ్మ చెప్పిన మాట నువ్వు ఇంకా పట్టుకునే ఉన్నావు. గార సందుల్ని నింపేసి ఉంటుంది, అది తీసేశాక ఆ సందు కనిపిస్తుంది, కొన్నాళ్లు చల్లనివి జివ్వుమంటాయి. అంతే. పన్నుని వదులు చేసింది అన్నాళ్లూ అక్కడున్న జబ్బు. పై పన్ను పీకితే కళ్లు పోతాయన్నదీ అంతే, ఆ మాట విని ఇక్కడ నాతో పని చేసే పిల్ల పడీ పడీ నవ్వింది, నాకు మాత్రం కోపం వచ్చింది.

నీకు షుగర్ ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టం, రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. వెళ్లేటప్పుడు టిఫిన్ తిని, మాత్ర వేసుకునే వెళ్లు. నీ మందుల చీటీ మొత్తం చూపించు. నువ్వు వేసుకునే బీపీ మాత్ర, అదే ఆమ్లోడిపిన్, కొందరికి చిగుళ్లు ఉబ్బేలా చేస్తుంది. నీకు నువ్వుగా మాత్రం ఆపకు, డాక్టరుని అడుగు. మందుల షాపు అబ్బాయి ఇచ్చే మాత్రలతో వాపు తాత్కాలికంగా తగ్గుతుంది, కింద గార అలాగే ఉంటుంది.

శ్రీకాకుళం పక్కన చాపురంలో డెంటల్ కాలేజీ ఉంది కదా, అక్కడికి వెళ్లండి. చదువుకునే పిల్లలు చేస్తారని భయపడకు, వెనక పెద్ద డాక్టరు ఉంటారు. ఎక్స్‌రే తియ్యమంటే తీయించుకో. డబ్బులు ఒకటో తారీఖున పంపినవాటిలో కలిపే పంపాను, రేకులకి వాడెయ్యకండి, వానకి కారినా పర్వాలేదు.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. చెంపో దవడో వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, మర్నాటిదాకా ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి. ఊపిరి ఆడనట్టు ఉంటే 108కి ఫోన్ చెయ్యమని తమ్ముడికి చెప్పు.

అక్కకి కూడా చెప్పు, కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు ఊరికే వాచి రక్తం వస్తుంది, పాపకి ఏమైనా అవుతుందేమోనని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం మానొద్దు. ఎన్నో నెలో చెప్పి చూపించుకుంటే చాలు. వాంతి అయిన వెంటనే తోముకోకుండా నీళ్లతో పుక్కిలించి కాసేపాగి తోముకోమను.

ఇక్కడ గోంగూర దొరికింది, పచ్చడి చేశాను, పులుపు లేదు. జీడిపప్పు పంపొద్దు, పెట్టె బరువుకే డబ్బంతా పోతుంది. నేను చిక్కిపోలేదు, ఆ ఫోటో అలా వచ్చింది.

డాక్టరు రాసిన చీటీ తమ్ముణ్ణి ఫోటో తీసి పెట్టమను. అక్క సీమంతం ఏ తేదీన పెట్టుకుంటున్నారో తొందరగా చెప్పండి, ఇక్కడ లీవు ముందే అడగాలి.

మీ చిన్ని