బయోస్ అప్‌డేట్‌కు ముందు చెప్పాల్సిన మాట ఎక్కడో అడుగున పెట్టారు: మదర్‌బోర్డు కంపెనీకి ఫిర్యాదు

కావలి,
8 సెప్టెంబరు 2025

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: బయోస్ అప్‌డేట్ తర్వాత ఆగిపోయిన బి450 కంప్యూటర్ మదర్‌బోర్డుకు వారంటీ నిరాకరించడం గురించి

అయ్యా,

నేను కావలిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి వీడియోల ఎడిటింగ్ కూడా నేనే చేసుకుంటాను. పిడుగు పడి పాత బోర్డు పోతే, 2022 నవంబరులో నెల్లూరు వెళ్లి మీ బి450 బోర్డు కొన్నాను. బిల్లు జత చేశాను. మూడేళ్ల వారంటీకి ఇంకా గడువుంది. అయినా మీ సర్వీసు వాళ్లు 'కస్టమర్ చేసుకున్న డ్యామేజీ' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా ఫిర్యాదు ఆ ముక్క మీదే.

నా దగ్గరున్నది 2017 నాటి రైజెన్ 5 1600 ప్రాసెసర్. ఈమధ్య పెళ్లివారంతా 4కె కావాలంటున్నారు. రాత్రి రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) పెట్టి పడుకుంటే తెల్లారి షాపు తెరిచేసరికి కూడా అవడం లేదు. ప్రాసెసర్ కూర్చునే అదే ఏఎం4 సాకెట్‌లో సరిపోయే రైజెన్ 7 5700ఎక్స్ తెచ్చుకుంటే బోర్డు, ర్యామ్ మార్చే ఖర్చు తప్పుతుందనుకున్నాను. కొనేముందు మీ వెబ్‌సైట్‌లో ప్రాసెసర్ల పట్టిక చూశాను. 5700ఎక్స్ ఉంది. ఎదురుగా ఏ బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డు చిప్‌లోని ప్రోగ్రాం) వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాశారు. ఇంకే షరతూ లేదు. నా బోర్డులో ఉన్నదేమో 2019 నాటి బయోస్. 2022లో అమ్మిన సరుకులో మూడేళ్ల పాత బయోస్ ఎందుకుందో ఇప్పుడు అడగను, అది షాపువాళ్ల పాత స్టాకు కావచ్చు.

బయోస్ జోలికి వెళ్లాలంటే ఎవరికైనా టెన్షనే, అందుకే తొందరపడలేదు. ఒకే మోడల్ పేరుతో రెండు రివిజన్లు ఉంటాయని, ఒకదాని ఫైలు ఇంకోదానికి వేయకూడదని తెలుసు కాబట్టి క్యాబినెట్ విప్పి, టార్చి వేసి బోర్డు మూల మీద రివిజన్ నంబరు చూసుకున్నాను. ఫైలు మీ సైట్ నుంచే దించాను. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేశాను. ర్యామ్ స్పీడు సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కు తెచ్చాను. విండోస్‌లోంచి చేస్తే మధ్యలో అది హ్యాంగ్ అయినా కొంప మునుగుతుందని, బయోస్‌లోనే ఉండే మీ టూల్ వాడాను. పాత బయోస్‌కు కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు కాబట్టి అప్‌డేట్ అయ్యేదాకా 1600ను కదిలించలేదు. మాకు పగలు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకని ఆగస్టు 3, ఆదివారం రాత్రి పదకొండు దాటాక, కొత్త బ్యాటరీ వేయించిన యూపీఎస్ మీద మొదలుపెట్టాను. కరెంటు పోలేదు. ఎవరూ ప్లగ్ పీకలేదు.

గీత నూరు శాతానికి వచ్చింది. విజయవంతం అని కూడా చూపించింది. రీస్టార్ట్ అయ్యాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. అరగంట చూశాను. బోర్డు మీది గుండ్రటి సెల్ తీసి మళ్లీ పెట్టాను, ర్యామ్ ఒక్కోటీ మార్చి చూశాను, చివరికి కొత్త ప్రాసెసర్ కూడా పెట్టి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. ప్రాసెసర్‌తో పనిలేకుండా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కొన్ని బోర్డులకు ఉంటుంది, దీనికి లేదు. మా వృత్తిలో ఫ్లాష్‌బ్యాక్ అంటే పెళ్లికొడుకు చిన్నప్పటి ఫొటోలే!

మీకు మెయిల్ పెడితే నాలుగు రోజులకు జవాబు వచ్చింది. బయోస్ అప్‌డేట్ వల్ల వచ్చే నష్టం వారంటీ కిందికి రాదట. ఈలోగా శ్రావణం ముహూర్తాల పెళ్లివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఒక పెళ్లికూతురి తండ్రి ఇప్పటికీ 'క్యాసెట్' అనే అంటారు. "ఏం నాయనా, క్యాసెట్ ఎప్పుడిస్తావు" అని రోజూ అడిగే ఆయనకు బయోస్ సంగతి నేనేమని చెప్పను?

చివరికి బోర్డు సంచిలో పెట్టుకుని రైలెక్కి నెల్లూరు వెళ్లాను. అక్కడ రిపేరు చేసే కుర్రాడు బయోస్ చిప్‌కు క్లిప్పు తగిలించి, ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి చూశాడు. "చిప్ బాగానే ఉందన్నా, లోపల రాసిందే సరిగా లేదు" అన్నాడు. తర్వాత మీ డౌన్‌లోడ్ పేజీ తెరిచి కిందికి జరుపుకుంటూ పోయాడు. నేను దించిన వెర్షన్‌కు నాలుగు వరసల కింద, ఒక పాత వెర్షన్ వివరాల్లో మూడో వాక్యంగా ఉంది అసలు మాట: ఇంతకన్నా పాతవి వాడుతున్నవాళ్లు ముందు ఈ వెర్షన్ వేసుకున్నాకే తర్వాతివాటికి వెళ్లాలని.

మధ్యలో వేయాల్సిన ఆ వెర్షన్‌ను ప్రోగ్రామర్‌తో చిప్‌లో రాశాడు. 1600 పెట్టగానే తెర వెలిగింది. అక్కడినుంచి నా పెన్‌డ్రైవ్‌తోనే, అందులోని అదే ఫైలుతో, మీ టూల్‌తోనే మళ్లీ అప్‌డేట్ చేశాం. ఈసారి మామూలుగా అయింది. 5700ఎక్స్ ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది, ఈ లేఖ టైపు చేస్తున్నది దాని మీదే. అంటే బోర్డులో లోపం లేదు, నా ఫైలూ తప్పు కాదు, నా పద్ధతీ తప్పు కాదు. తేడా అంతా ఆ మధ్య మెట్టు దగ్గరే ఉంది.

హెచ్చరిక రాశాం, చదవలేదు అని మీరనవచ్చు. కొత్త వెర్షన్ కోసం వచ్చినవాడు కొత్త వెర్షన్ వివరాలే చదువుతాడు, నాలుగు మెట్లు కిందికి దిగి పాతదాని చరిత్ర చదవడు. కల్వర్టు కూలిందన్న బోర్డు కల్వర్టు దాటాక పెడితే ఎవరికి ఉపయోగం? పైగా మీ టూల్‌కు బోర్డులో ఏ వెర్షన్ ఉందో తెలుసు, తెర మీద చూపిస్తుంది కూడా. 'ముందు అది వేయండి' అని అక్కడే ఆపితే సరిపోయేది.

రిపేరుకైన 1,800 రూపాయలు నాకు తిరిగి ఇవ్వాలి, రసీదు జత చేశాను. 'కస్టమర్ డ్యామేజీ' అన్న మాటను మీ రికార్డులోంచి తీసేసి, మిగిలిన వారంటీ చెల్లుతుందని రాతపూర్వకంగా తెలపాలి. ఆ మధ్య వెర్షన్ సంగతిని ప్రాసెసర్ల పట్టికలోనూ, ప్రతి కొత్త బయోస్ పక్కనా పెట్టాలి. నాకు డబ్బు కన్నా ఇదే ముఖ్యం. అక్కడే ఇంకో వాక్యం కూడా రాయండి: 16 ఎంబీ చిప్‌లో చోటు చాలక కొన్ని బోర్డుల కొత్త బయోస్‌లలో పాత ఎ-సిరీస్ ప్రాసెసర్లకు సపోర్టు తీసేశారు, మీ బోర్డులో వేటికి తీసేశారో అప్‌డేట్‌కు ముందే కనబడాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అప్పటికీ కదలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే.

ఇట్లు,
ఫొటో స్టూడియో యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా

జతపరిచినవి: బోర్డు బిల్లు, రిపేరు రసీదు, మీ మెయిల్ ప్రతి, డౌన్‌లోడ్ పేజీ స్క్రీన్‌షాట్లు రెండు.