కూలిన మోడల్ విమానానికీ మార్కులు వేయండి

సంపాదకుల వారికి,

ఇంజినీరింగ్ కాలేజీల్లో టెక్ ఫెస్ట్ అంటే రేడియో కంట్రోల్ విమానాల పోటీ ఉండాల్సిందే. వారాల తరబడి కట్టిన విమానం నిమిషం తిరక్కుండా నేలలో ముక్కు గుచ్చుకుంటుంది. చూసేవాళ్లు ఈలలు వేస్తారు, కట్టిన పిల్లలు ముక్కలు గోతంలో ఏరుకుని వెళ్లిపోతారు. ఎందుకు పడిందంటే ‘గాలి సార్’ అనో, ‘సిగ్నల్ పోయింది సార్’ అనో జవాబు. పక్కవాళ్ల రిమోట్‌తో తేలిగ్గా కలిసిపోని 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక సిగ్నల్ మీద నెట్టేయడం అంత న్యాయం కాదు.

ముందు చూడాల్సింది తూకం. రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా వెడల్పు 20 సెంటీమీటర్లయితే, ముందంచు నుంచి 5-6 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద ఆనించాలి. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు కాస్త వంగాలి. తోక జారిందా, బ్యాటరీ ముందుకు జరపాలి. తోక బరువుతో వదిలిన విమానం ముక్కెత్తి, వేగం చచ్చి, ఒక రెక్క మీదుగా జారిపడుతుంది. ఇక రెక్కల వెనకంచున కదిలే పలకలు, అంటే ఐలరాన్లు: రాత్రి వాటిని కదిపే చిన్న మోటారు (సర్వో) మార్చి పొద్దున్నే ఎగరేస్తే అవి తిరగబడి ఉన్న సంగతి గాల్లో తెలుస్తుంది. విమానం వెనక నిలబడి రిమోట్ స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ లేవాలి. పది సెకన్ల పని.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా పడితే, చాలాసార్లు తప్పు చేతిది. దిగేందుకు మలుపు తిప్పుతూ, కిందికి జారుతోందని భయపడి ముక్కెత్తడానికి ఎలివేటర్ (తోక పలక) స్టిక్ లాగుతారు. వేగం లేనప్పుడు లాగితే రెక్క గాలిని వదిలేస్తుంది. ముక్కు దించి వేగం రానివ్వడమే మందు. దానికి కింద ఖాళీ ఉండాలి కాబట్టి కొత్తవాళ్లు రెండు కొబ్బరిచెట్లంత ఎత్తులోనే మలుపులు నేర్చుకోవాలి. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. అప్పుడు మన కంటికి ఏ పక్క రెక్క వాలిందో స్టిక్ ఆ పక్కకే తోయాలి. దీన్ని సిమ్యులేటర్ మీద విసుగు పుట్టేదాకా చేయించాలి.

పడ్డాక చేసే పనే ఎవరూ నేర్పరు. మొదట థ్రాటిల్, అంటే మోటారు వేగం, సున్నాకి తేవాలి. ప్రొపెల్లర్ మట్టిలో ఇరుక్కుని మోటారు తిరగబోతే దాని వేగాన్ని నడిపే సర్క్యూట్ (ఈఎస్‌సీ) మాడుతుంది. దగ్గరికెళ్లాక బ్యాటరీ ప్లగ్ తీసి, ఏదీ కదపకుండా ఫొటోలు తీయాలి. పలకను కదిపే కడ్డీ తగిలించే హార్న్ ఊడిందా, కీలు ఎక్కడ వదులైందో ఆ ఫొటోలే చెబుతాయి. దెబ్బతిన్న లిపో బ్యాటరీని ఇసుక బకెట్ పక్కన ఆరుబయట కనీసం అరగంట ఉంచాలి. ఉబ్బినదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టడం ప్రమాదం. సర్వో చేత్తో మెల్లగా తిప్పితే పళ్లు అరిగినచోట కటకటమంటుంది. మోటారు షాఫ్ట్ వంగితే వణుకు పుట్టి మిగతా అతుకులూ వదులవుతాయి. అన్నట్టు, థర్మాకోల్ మీద ఫెవిక్విక్ వద్దు, అతకడం పోయి గుంట పడేలా కరిగిస్తుంది. హాట్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాడాలి.

పోటీ పెట్టే కాలేజీలకు మా విన్నపం ఒకటే. నూటికి ఇరవై మార్కులు కూలిన కారణం రాసినందుకు ఇవ్వండి. ఫొటో, తూకం కొలత, బ్యాటరీ వోల్టేజీ, గాలి దిశ, చివరి అయిదు సెకన్లలో స్టిక్ ఎటు ఉంది, మళ్లీ ఎగరేసే ముందు ఏం మార్చారు - ఒక్క పేజీ చాలు. చక్కగా ఎగిరిన జట్టు కన్నా ఈ పేజీ నిజాయితీగా రాసిన జట్టుకే ఎక్కువ పని తెలిసి ఉంటుందని మా నమ్మకం.

చోటు మాటా చెప్పాలి. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాములు దాటి 2 కిలోల లోపువి మైక్రో తరగతి. వ్యాపారానికి కాకపోతే వీటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ రన్‌వేలున్నాయి. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా తేదీ ప్రకటించకూడదు. కరెంటు తీగలున్న కాలేజీ గ్రౌండ్ కన్నా వరి కోశాక ఖాళీగా ఉన్న మడి నయం, రైతు ఒప్పుకుంటే. వరి కొయ్యకాళ్లలో చక్రాలు చిక్కుకుంటాయి కాబట్టి చక్రాలు విప్పి, చేత్తో విసిరి, పొట్ట మీద దించాలి.

ప్రేక్షకులందరూ పైలట్ వెనకే ఉండాలి. ప్రతి విమానానికీ ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడాలి. మోటారు ఆగకపోతే, సిగ్నల్ పోగానే మోటారు ఆపే ఫెయిల్‌సేఫ్ పెట్టలేదన్నమాట. ఆ విమానాన్ని ఆ రోజు గాల్లోకి వదలకండి.

ఇట్లు
ఏరోమోడలింగ్ నేర్పే కొందరు పాఠకులు, విజయవాడ