నాన్నగారి హెర్నియా ఆపరేషన్‌కు తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

మా నాన్నగారికి గజ్జల్లో వచ్చిన హెర్నియాకు (కండరాల గోడ బలహీనపడిన చోట లోపలి భాగం బయటకు ఉబ్బడం) మెష్ అనే సన్నని వల అమర్చి చేసిన ఆపరేషన్ సవ్యంగా జరిగింది. ఆయన కోలుకుని తన పనులు తానే చేసుకుంటున్నారు. ఈ విషయంలో మాకు అండగా నిలిచిన వారికి, పేర్లు బయటపెట్టకుండా, ఇక్కడ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ముందుగా సర్జన్‌గారికి. "కడుపులో ప్లాస్టిక్ వల పెడితే అది లోపల కుళ్ళిపోదా డాక్టరుగారూ?" అని నాన్నగారు అడిగితే ఆయన నవ్వేసి ఊరుకోలేదు. సొరుగులోంచి ఒక మెష్ ముక్క తీసి చేతికిచ్చారు. దోమతెరలా పలచగా ఉన్న దాన్ని నాన్నగారు వెలుతురుకు ఎత్తి చూసి, గరుకుగా ఉన్న అంచును బొటనవేలితో రాసి చూశారు. అది పాలీప్రొపిలీన్ అని, కుళ్ళదు, కరగదు అని, దాని కన్నాల గుండా మన కణజాలమే పెరిగి వలను తనలో ఇముడ్చుకుంటుందని, అందుకే ఆ కన్నాలు మరీ సన్నగా ఉండకూడదని సర్జన్‌గారు ఓపికగా వివరించారు. ఇటలీకి చెందిన బస్సీని అనే సర్జన్ 1887లో ప్రకటించిన పద్ధతిలో కండరాలను దగ్గరకు లాగి కుట్టేవారట. అలా లాగినచోట బిగువు ఎక్కువై కొందరికి హెర్నియా తిరగబెట్టేది. లాగకుండా, బలహీనమైన చోటును మెష్‌తో కప్పే పద్ధతిపై అమెరికా సర్జన్ లిక్టెన్‌స్టైన్ బృందం 1989లో వ్యాసం ప్రచురించాక అది విస్తృతంగా వాడుకలోకి వచ్చిందని చెప్పారు.

తరువాతి కృతజ్ఞతలు ఇదే ఆపరేషన్ తరువాత చాలాకాలం నొప్పితో బాధపడిన ఒక పెద్దమనిషికి. "ఏం కాదు, చిన్న ఆపరేషనే" అని ధైర్యం చెప్పినవారు ఎందరో ఉన్నారు, వారి అభిమానానికి కూడా కృతజ్ఞుణ్ణే. కానీ నిజానికి మాకు ఎక్కువ పనికివచ్చింది ఈయన దాచకుండా చెప్పిన మాటలు. గజ్జల్లో మూడు నరాలు ఉంటాయని, అవి దెబ్బతిన్నా, మెష్‌లోనో కుట్టులోనో చిక్కుకున్నా నొప్పి మూడు నెలలు దాటి కొనసాగవచ్చని, అరుదుగా మెష్‌కు ఇన్ఫెక్షన్ సోకితే దాన్ని తీసేయాల్సి రావచ్చని ఆయన చెప్పబట్టే మేము సర్జన్‌గారిని సూటిగా అడగగలిగాం. సర్జన్‌గారు కూడా దాటవేయకుండా, చెప్పుకోదగ్గ దీర్ఘకాలిక నొప్పి 10 నుంచి 12 శాతం మందిలో కనిపిస్తుందని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే పేర్కొన్నాయని చెప్పి, మెష్ లేకుండా చేసే షోల్డైస్ పద్ధతి గురించి, నాన్నగారి విషయంలో తాను మెష్‌నే ఎందుకు ఎంచుకుంటున్నారో కూడా వివరించిన తరువాతే అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్నారు.

వార్డులోని నర్సమ్మగారు దగ్గు వచ్చినప్పుడు కోత మీద అరచేయి ఆనించి పట్టుకోవడం, పక్కకు ఒత్తిగిలి చేయి ఊతంతో లేవడం దగ్గరుండి నేర్పించారు. మేము చెబితే వినని నాన్నగారు ఆవిడ మాటను మాత్రం తూచా తప్పకుండా పాటించారు!

చివరగా రికార్డుల విభాగంలోని ఉద్యోగికి. మెష్ రకం, కొలత, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ నకలును డిశ్చార్జి కాగితాలకు జతచేయమని కోరగానే విసుక్కోకుండా చేసి ఇచ్చారు. రేపు మరో సర్జన్ అదే చోట చూడాల్సి వస్తే లోపల ఏముందో వెతుక్కోనక్కరలేదు.